ఓడవైద్యులు - తెలుగుకూలీల సముద్రయానము

కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనము చరిత్రకారులకు సుపరిచితము. తుపానుదెబ్బకు ఒడ్డునబడిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించుచుండగా, తాను నియతమైన సుంకమును మాత్రమే గైకొని తక్కినదానిని వర్తకులకే విడిచితినని అతడు ప్రకటించెను. సరకునకు అభయము లభించిన ఆ తీరముననే, కొన్ని శతాబ్దములకు మనుష్యుడే సరకయ్యెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు కడలికి దూరములైనను ఈ కథకు దూరములు కావు. కాళేశ్వరముకడ ప్రాణహితను గలుపుకొని పారు గోదావరి సముద్రమును జేరుచోటనే కోరంగి కలదు. అది యొకప్పుడు ప్రసిద్ధమైన ఓడరేవు.

పదునేడవ శతాబ్దమున ఒలాందావారు చోళమండలతీరమున కాటకములు వచ్చినప్పుడెల్ల, ఆకలికి అమ్ముడుబోయిన జనులను కొని బటావియా, సింహళము మొదలగు చోట్లకు ఓడలపై పంపిరి. ఈ దేశమునుండి బానిసలను ఎగుమతి చేయుటను కారన్‌వాలిసు 1789లో నిషేధించెను. అంతకు ముందటి యేడే, అనగా 1788లో, ఆంగ్లేయుల పార్లమెంటు ఆఫ్రికాబానిసల ఓడలలో వైద్యుడుండి తీరవలెనని శాసించినది. ప్రయాణమున నూటికి ఇద్దరికి మించి చావనిచో నావికాధిపతికి 100 పౌండ్లును, వైద్యునకు 50 పౌండ్లును బహుమానము. ఆ యోడలలో వైద్యుడుగా తిరిగిన ఫాల్కన్‌బ్రిడ్జి ఆ సంవత్సరముననే తన యనుభవములను ప్రకటించెను. గాలివానకు గవాక్షములను మూయగా లోపల ఊపిరాడక జనులు మూర్ఛిల్లుటయు, రక్తగ్రహణిచే అడుగుబల్లలు నెత్తురుమయమగుటయు అందు వర్ణితములు. బ్రూక్సు అను ఓడ వైద్యుడైన ట్రాటరు కూడ పార్లమెంటు విచారణసంఘము నెదుట ఇట్టి సాక్ష్యమే యిచ్చెను.

ఆంగ్లసామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేసిన చట్టము 1834లో అమలునకు వచ్చెను. ఆ యేడే చెఱకుతోటలకై మారిషసునకు హిందూదేశపు కూలీల యెగుమతి క్రమముగా సాగనారంభించెను. కోరంగి రేవునుండి పోయిన తెలుగువారిని ఆ ద్వీపమున కోరంగివారనియే పిలిచిరి. చెన్నపట్టణమున 1860 అక్టోబరు 12వ తేదీన బయలుదేరిన ట్రూరో యను ఓడ నవంబరు 16న నేటాలు చేరెను. అందు తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. పదిదినములకు కలకత్తానుండి వచ్చిన బెల్విడియరు ఓడలో విషూచి, గ్రహణి వ్యాపించి పలువురు మార్గమధ్యముననే మడిసిరి. 1879లో ఫిజీకి తొలిసారి కూలీలను గొనిపోయిన లియోనిడాసు ఓడయు విషూచి, మసూచిల పాలయ్యెను. తెలుగువారు, తమిళులు ఫిజీకి విశేషముగా పోయినది 1903లో చెన్నపట్టణమార్గము తెఱచిన పిదపనే.

ఈ యోడలపై ఆరోగ్యాధికారమంతయు వైద్యునిదే. ఆహారమును, నీటిని పరీక్షించుట, ఉదయముననే జనులను పైతట్టునకు రప్పించుట, క్రిందిభాగమును శుద్ధిచేయించుట అతని విధులు. సజీవముగా ఒడ్డుజేర్చిన ప్రతిమనుష్యునకు ఇంతయని అతనికి పారితోషికము. అది అతడు చేసిన యాత్రలసంఖ్యనుబట్టి హెచ్చుచుండెను. 1788 నాటి బహుమానపద్ధతికి ఇది పుత్రికయే యని తోచుచున్నది.

ఇచట విషూచికాశబ్దము విచారింపదగినది. సూదులతో పొడిచినట్లు అవయవములను బాధించుటచే ఈ పేరు వచ్చెనని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. శాబ్దికులు ‘విషు’ పూర్వకమైన అంచుధాతువును జూపి, ఊర్ధ్వాధోమార్గములు రెంటను వెడలునది యని చెప్పవచ్చును. కాని నామసామ్యముచే ప్రాచీనగ్రంథములలోని రోగమును నేటి కలరాను ఒక్కటిగా భావించుట యుక్తము కాదు. కలరా నీటివలన వ్యాపించునని స్నో యను వైద్యుడు 1854లో లండనున జూపెను. 1884లో కోకు కలకత్తాయందలి చెఱువునీటిలోనే తత్కారణమగు సూక్ష్మజీవిని గుర్తించెను. అంతవఱకు పెక్కురు ఓడవైద్యులు దుష్టవాయువే మూలమని నమ్మి గాలిద్వారములను విప్పించుచుండిరి. రోగమో, రేవున నింపుకొన్న పీపాలలోనే వారితో ప్రయాణము చేయుచుండెను!

కూలీఓడయు బానిసఓడయు ఒక్కటియేనా? కూలీకి సంకెల లేదు, అయిదేండ్ల గడువు కలదు, ఒడంబడిక కలదు. ‘అగ్రిమెంటు’ అను ఆంగ్లపదమే వికృతినొంది ‘గిర్మిట్’ అయ్యెను. అయినను ఆ పత్రమును చదువనేరని వాని వ్రేలిముద్రకు అంగీకారమను పేరెంతవఱకు చెల్లును? వైద్యుని జాగ్రత్తవలన పెక్కుప్రాణములు నిలిచెననుట సత్యమే. ఆ ప్రాణములకు వెలగట్టిన పిదపనే ఆ జాగ్రత్త పుట్టెననుటయు సత్యమే. ఈ రెంటిలో నొకదానిని విడిచి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు. హిందూదేశమునుండి ఈ కూలీల యెగుమతి 1917లో నిలిచెను. ఫిజీలో మిగిలిన గిర్మిటులు 1920 జనవరి 1న రద్దయ్యెను.

అప్పటి ఓడపట్టీలయందు కూలీ పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, ఒంటిమచ్చలు వ్రాయబడినవి. మారిషసునందలి మహాత్మాగాంధీసంస్థ ఇట్టి పత్రములను భద్రపఱచుచున్నది. తెలుగుపేళ్లను తెలుగెఱుగని లేఖకులు ఆంగ్లలిపిలో వ్రాయుటచే, ఏది యింటిపేరో, ఏది యూరిపేరో తెలియరాకున్నది. వానిని సరిగా చదువుటకు ధ్వనిపరిణామము నెఱిగిన శాబ్దికుల సాహాయ్యము ఆవశ్యకము. శిలాశాసనముల శిథిలాక్షరములను ఉద్ధరించిన మన పండితులు ఈ కాగితపు శాసనములయందును శ్రద్ధవహించిన, ఎన్నియో కుటుంబములకు తమ పూర్వుల యూరు దొరకును.