హిస్టోగ్రామ్‌లో మనవాళ్లు ఎక్కడ?

ఈసారి రాసేది ఫోటోల గురించి. ఇదేం చరిత్ర అనుకోకండి. ఫోటోషాప్ ముందు కూర్చున్నంత శ్రద్ధగా నేను కులం గురించి ఏ పుస్తకం ముందూ కూర్చోలేదేమో.

ఎడిటింగ్ నాకు ఉద్యోగం కాదు, పిచ్చి. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీ ఎవరు చేస్తారు అన్న దగ్గర మొదలైంది. ఫ్లెక్సీ షాపులో హీరో బర్త్‌డేకీ బాబాసాహెబ్ జయంతికీ వాడేది ఒకటే పీఎస్‌డీ ఫైలు. వెనక అవే కిరణాలు, అదే మెరుపు, మూలన అవే గుండ్రటి ముఖాలు. హీరోని తీసి అంబేడ్కర్‌ని పెడతారు. హీరో ముఖానికి వేసిన తెలుపు లేయర్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. మన ఫ్లెక్సీల మీద బాబాసాహెబ్ బుగ్గలు గులాబీ రంగులో ఎందుకుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ కావాలని చెయ్యలేదు. టెంప్లేట్ అలా ఉంది, అంతే.

ఎడిటింగ్ నేర్చుకున్నవాడి కన్ను పాడవుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ వైపు వెళ్తుంటే నాకు హోర్డింగ్ మీద సినిమా కనబడదు. ముఖానికీ మెడకీ రంగు కలవలేదని కనబడుతుంది. మోచేతి నలుపు చెరిపేసిన చోటు, రంధ్రాలు లేని ప్లాస్టిక్ చర్మం, ముక్కు నీడ ఒక వైపు, చెట్టు నీడ ఇంకో వైపు. హీరో వెనక గుంపుని చూస్తే వాళ్లకి ఎవరూ రీటచ్ చెయ్యలేదు. అవసరం లేదు, మసకలో ఉన్నారు. ఆ మసకలో ఉన్నవాళ్లు కృష్ణానగర్‌లో తెల్లవారకముందే బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు. అక్కడి నుంచి ఫిలింనగర్ కొండెక్కడానికి పెద్ద దూరం లేదు. ఫోకస్‌లోకి రావడానికి మాత్రం ఒక జీవితం చాలదు.

హిస్టోగ్రామ్ అంటే తెలియనివాళ్లకి: ఫోటో తెరిస్తే ఒక కొండలాంటి గ్రాఫ్ వస్తుంది. ఎడమ కొస 0, కటిక నలుపు. కుడి కొస 255, ముద్ద తెలుపు. ఫోటోలో ప్రతి చుక్కా ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎడమ గోడకి ఆనుకుని చుక్కలు పేరుకుపోతే దాన్ని క్లిప్పింగ్ అంటారు. అక్కడ వివరం ఉండదు, ఎంత వెలుగు పెంచినా బూడిద తప్ప ముఖం రాదు. నా దగ్గరికి వచ్చే మన వాడల పాత ఫోటోల్లో చాలా ముఖాలు ఆ గోడ దగ్గరే ఉంటాయి. మనవాళ్లు నల్లగా ఉంటారు కాబట్టి అంటారా? ఆగండి. కెమెరా అమాయకురాలు కాదు.

పందొమ్మిదో శతాబ్దపు గాజు ప్లేట్లు ప్రధానంగా నీలి వెలుగునే పట్టుకునేవి. తర్వాత వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనబడదు. గోధుమరంగు చర్మం నుంచి వెనక్కి వచ్చే వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ. అంటే మన చర్మం కంటికి కనబడే దానికంటే నల్లగా అచ్చయ్యేది. సినిమావాళ్లు ముఖానికి దట్టంగా రంగు పూసుకోవడానికి ఇదొక కారణం. అన్ని రంగులనీ చూసే పాంక్రోమాటిక్ ఫిల్మ్ 1920ల చివర్లో స్టూడియోలకి వచ్చింది. మ్యాక్స్ ఫ్యాక్టర్ 1928లో దానికి తగ్గ మేకప్ తయారుచేశాడు, హాలీవుడ్ తెల్ల ముఖాల కోసం. ఆ అలవాట్లే మద్రాసు స్టూడియోలకి చేరాయి.

కలర్ వచ్చాకా అంతే. కొడాక్ కంపెనీ 1950ల నుంచి ల్యాబులకి ఒక తెల్ల యువతి ఫోటో పంపేది. షర్లీ కార్డ్ అనేవాళ్లు. ఆమె చర్మం సరిగ్గా వచ్చిందంటే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు. ప్రపంచమంతా ఆమె ముఖానికి సెట్ అయింది. నల్లవాళ్ల ముఖాలు పడట్లేదని తల్లిదండ్రులు మొత్తుకున్నా కదలని కంపెనీ, చాక్లెట్ల తయారీదారులూ చెక్క ఫర్నిచర్ అమ్మేవాళ్లూ మా గోధుమరంగులు సరిగ్గా రావట్లేదని ఫిర్యాదు చేశాక ఫిల్మ్‌ని సరిచేసే పనిలో పడింది. చాక్లెట్‌కి ఉన్న పలుకుబడి మనిషికి లేకపోయింది.

ఇంకోటి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పాస్‌బుక్ ఫోటోలకి పోలరాయిడ్ కెమెరాలు వాడేవాళ్లు. 1970లో ఆ కంపెనీలోనే పనిచేసే కెన్ విలియమ్స్, కారొలైన్ హంటర్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు దీన్ని బయటపెట్టి బాయ్‌కాట్‌కి పిలుపునిచ్చారు. ఏడేళ్లు కొట్లాడితే 1977లో పోలరాయిడ్ అక్కడి నుంచి తప్పుకుంది. తెల్లవాళ్ల పెళ్లిలో నల్లవాళ్ల ముఖాన్ని పట్టుకోలేని టెక్నాలజీ, వాళ్లని పట్టించాల్సి వచ్చినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఫోటో అనగానే లాలా దీన్‌దయాళ్ పేరు చెబుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో కూడా పెట్టాడు. గొప్ప పనివాడు, సందేహం లేదు. ఆ రోజుల్లో స్టూడియోలన్నిట్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో సన్నగా గీసి ముడతలు తీసేవాళ్లు, ప్రింటు మీద బ్రష్‌తో రంగు వేసేవాళ్లు. అంటే రీటచ్ 1990లో ఫోటోషాప్‌తో పుట్టలేదు. డబ్బున్నవాడు డబ్బిచ్చి తనకి కావలసిన ముఖాన్ని తీసుకుపోవడం ఫోటో పుట్టినప్పటి నుంచీ ఉంది.

అదే కాలంలో ఇంకో కెమెరా తిరుగుతోంది. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అచ్చయింది. అందులో మనిషికి చాలాచోట్ల పేరు లేదు, కులం పేరు ఉంది. తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ ఊరూరా తిరిగి తలలూ ముక్కులూ కొలిచాడు. రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. మాలలూ మాదిగలూ ఆ పుస్తకాల్లో ఉన్నాం. ఎలా? నమూనాలుగా. ఒక కెమెరా ముడతలు తీసి మనిషిని పెంచుతోంది, ఇంకో కెమెరా పేరు తీసేసి మనిషిని కులానికి కుదిస్తోంది.

ఆ కొలతలని తిరగేసి వాళ్ల మీదికే విసిరినవాడు బాబాసాహెబ్. 1948లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’లో ఆయన ముక్కు కొలతల పట్టికలు తీసుకుని, ఈ శాస్త్రం నిజమే అయితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేల్చాడు. అంటరానితనానికి జాతిలో పునాది లేదని. ఆ అధ్యాయం చదవనివాళ్లు చదవండి, లెక్కలతో కొట్లాడ్డం ఎలాగో అందులో ఉంది.

సినిమా సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, డబ్బు చల్లపల్లి రాజా. (జమీందారు డబ్బుతో సంస్కరణ సినిమా! మన చరిత్రలో ఇలాంటి విచిత్రాలు చాలా.) ఆ కాలానికి అది ధైర్యమే, నేను కాదనను. కానీ ఎడిటర్ కన్నుతో దాని స్టిల్స్ చూడండి. మాలపిల్ల శంపాలతగా వేసిన కాంచనమాల అప్పటి అందాల తార. వెలుగంతా ఆమె ముఖం మీద. ప్రేక్షకుడు మాలపిల్లని ప్రేమించడానికి సిద్ధమే, ఆమె కాంచనమాలలా ఉన్నంతవరకూ. అంతకు కొన్నేళ్ల ముందు పక్కన కేరళలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. తొలి మలయాళ సినిమా ‘విగతకుమారన్’లో దళిత స్త్రీ పి.కె. రోజీ నాయర్ యువతి పాత్ర వేసినందుకు తిరువనంతపురంలో ఆమెని తరిమేశారు. మన పాత్రని వాళ్లు వేస్తే సంస్కరణ, వాళ్ల పాత్రని మనం వేస్తే నేరం.

తర్వాత కలర్. 1963 ‘లవకుశ’ పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా. పౌరాణికాల కలర్ చూస్తే నాకు నవ్వొస్తుంది. కృష్ణుడు అన్న మాటకే నలుపు అని అర్థం. తెర మీద ఆయన నీలం. దేవుడిని నల్లగా చూపించడానికి మేకప్ బాక్స్‌లో మాట లేదు, రాక్షసుడికి మాత్రం దొరుకుతుంది.

ఇండస్ట్రీ మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, తర్వాత పద్మాలయా, రామానాయుడు. రాళ్ల గుట్టలు జూబ్లీహిల్స్ అయ్యాయి, పక్కన ఫిలింనగర్ లేచింది. ఆ గుట్టలు చదును చేసినవాళ్లూ సెట్లకి మేకులు కొట్టినవాళ్లూ పక్కనే బస్తీల్లో స్థిరపడ్డారు. ఇప్పటికీ ఉన్నారు.

ఆ కాలమే మనకి ఇంకోలా గుర్తు. 1985 జూలై 17 కారంచేడు, ఆరుగురు. 1991 ఆగస్టు 6 చుండూరు, ఎనిమిది మంది. స్మారక సభకి పోస్టర్ చేద్దామని పాత పేపర్ కటింగులు స్కాన్ చేశాను. న్యూస్‌ప్రింట్ మీద చుక్కలు చుక్కలుగా అచ్చయిన ముఖాలు. పెద్దది చేస్తే చుక్కలే పెద్దవవుతాయి. అదే సంవత్సరాల సినిమా పోస్టర్లు ఇవాళ కూడా నిగనిగలాడుతూ దొరుకుతాయి. మా పోస్టర్ మీద చివరికి పేర్లే పెట్టాం, ముఖాలు పెట్టలేదు.

2010 జనవరిలో ‘మాయాబజార్’కి హైదరాబాద్‌లోనే కంప్యూటర్ మీద రంగులు వేసి విడుదల చేశారు. 1957లో మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో వెన్నెల సృష్టించిన సినిమా. చూస్తుంటే నా ఆలోచనంతా ఒక్కటే. బూడిద రంగుకి చర్మం రంగు తెలియదు. ఒకే బూడిద వెనక పసుపు చీర ఉండొచ్చు, ఆకుపచ్చ చీర ఉండొచ్చు, ఎవరి చెంపైనా ఉండొచ్చు. ఎవరో ఒకరు కూర్చుని ఇది ఇంత అని నిర్ణయించాలి. క్యాలెండర్ మీద బాబాసాహెబ్‌కి రంగు వేసినవాడూ అలాగే నిర్ణయించాడు. ఇప్పుడు ఆ నిర్ణయం ఫోన్‌లో యాప్ చేస్తోంది. మా అమ్మమ్మ పాత ఫోటో ఇస్తే పాలమీగడలా చేసి ఇచ్చింది, పైగా ముక్కు సన్నం చేసింది. థర్‌స్టన్ కనీసం కొలిచాడు.

ఇప్పుడు సినిమా రంగు డీఐ గదిలో తేలుతుంది. అక్కడ వెక్టర్‌స్కోప్ అని ఒక గుండ్రటి గ్రాఫ్ ఉంటుంది, ఏ రంగు ఏ దిక్కున ఉందో చూపిస్తుంది. ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత, స్కిన్ టోన్ లైన్. మామూలు వెలుగులో ఎవరి చర్మాన్ని చూసినా, ఆఫ్రికా అయినా ఐరోపా అయినా గుంటూరు అయినా, దాదాపు ఆ గీత మీదో పక్కనో పడుతుంది. చర్మం కింద రక్తం ఒకటే కదా. తేడా ముఖ్యంగా వెలుగులో, సాంద్రతలో. నేను మొదటిసారి నా ఫోటో, ఒక స్టార్ ఫోటో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండూ ఒకే గీత పట్టుకుని ఉన్నాయి. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా.

ఆ గది నుంచి బయటికొచ్చే సినిమాల్లో మాత్రం లెక్క వేరు. ‘రంగస్థలం’, ‘పుష్ప’, ‘దసరా’ చూడండి. హీరో కూలీనో ఊరివాడో అయితే ముఖానికి నలుపు పూస్తారు. సినిమా అయ్యాక కడిగేసుకుంటారు. నలుపు ఇక్కడ కాస్ట్యూమ్. ఆ నలుపుతోనే పుట్టిన కుర్రాడు ఆడిషన్‌కి వెళ్తే హీరో స్నేహితుడి వేషం. నటుల మీద నాకు కోపం లేదు, కష్టపడ్డారు. పూసే ఖర్చు పెట్టగలిగిన పరిశ్రమకి పుట్టుకతో ఉన్నవాడు ఎందుకు కనబడడు అన్నదే నా ప్రశ్న. 2020లో ఒక క్రీమ్ కంపెనీ పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది, 1975 నుంచి అమ్మి అమ్మి.

కాబట్టి నేను ఇప్పుడు చేస్తున్న పని ఇది. వాడల్లో ఇళ్లకి వెళ్లి ఫోటోలు స్కాన్ చేస్తున్నాను. ఎక్కువ ఉండవు. ఒక ఇంట్లో రేషన్ కార్డుది, పెళ్లిది, హాస్టల్ గ్రూప్‌ది. స్కాన్ ఒరిజినల్ ఫైలు ముట్టుకోను, కాపీ మీద పనిచేస్తాను. గీతలూ బూజూ తీస్తాను, ముఖం తెల్లబర్చను, ఆటో బటన్ నొక్కను. వెనక రాసి ఉన్నది కూడా స్కాన్ చేస్తాను. అంచులు కట్ చెయ్యను. క్రాప్ టూల్ ఎంత ప్రమాదమో ఊరి పెద్దల గ్రూప్ ఫోటోలు చూస్తే తెలుస్తుంది. అంచున ఎద్దుల పగ్గం పట్టుకున్నవాడు, గొడుగు పట్టుకున్నవాడు, సగం చెయ్యి మాత్రమే పడినవాడు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు మొదట పోయేది వాళ్లే. మనం వెతికేది వాళ్లనే.

అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఈ సంగతి ముందే కనిపెట్టాడు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగిన మనిషి ఆయనే అంటారు, నూట అరవైకి పైగా దొరికాయి. దాదాపు ఎక్కడా నవ్వడు. నవ్వే బానిస బొమ్మలు గీసేవాళ్లకి ఆయన జవాబు అది. 1953 జనవరిలో ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పటి అంబేడ్కర్ ఫోటో దొరికితే ఒకసారి డగ్లస్ ఫోటో పక్కన పెట్టి చూడండి.

కిందటి నెల ఒక హాస్టల్ ఫోటో వచ్చింది. నలుపు తెలుపు, మూడు వరసలు. వెనక వరస అంతా వరండా నీడలో నల్లటి పట్టీలా ఉంది. కర్వ్స్‌లో ఎడమ కొసని మెల్లగా, చాలా మెల్లగా పైకి లేపాను. ఒక చొక్కా కాలర్ వచ్చింది. తర్వాత ఒక చెవి, తర్వాత కళ్లు. అలా ఆరుగురు వచ్చారు. ఏడో వాడి దగ్గర, ఎనిమిదో వాడి దగ్గర గ్రాఫ్ సున్నా గోడకి అతుక్కుపోయింది, ఏం చేసినా బూడిదే. ఫోటో ఇచ్చిన పెద్దాయనకి పంపితే ఆరుగురి పేర్లూ ఫోన్‌లోనే చెప్పాడు. మిగతా ఇద్దరి పేర్లు వాళ్ల బ్యాచ్‌లో ఇంకో ఆయనకి తెలుసట. ఆయన ఫోన్ ఎత్తరు, చెవి వినబడదు. ఆదివారం వాళ్ల ఊరెళ్తున్నాను.