నీటి వెంట వచ్చిన చక్కెర: శక్కర్‌నగర్ గతం, రేపటి ఉపయోగం

బోధన్ పట్టణాన్ని ఆనుకుని శక్కర్‌నగర్ ఉంది. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ ఈ కాలనీ వెలసింది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని ఒకప్పుడు దీన్ని గొప్పగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. అప్పటి నుంచి ఈ ఆస్తిని ఏం చేయాలన్న చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చలో ఎక్కువగా వినిపించేది యంత్రాల సంగతి. చరిత్ర విద్యార్థులు అంతకంటే ముందు నీటినీ, నేలనూ చూడాలి.

చెరకు ఏడాది పొడవునా నీరు కోరే పంట. మంజీరపై నిజాంసాగర్ కట్టకముందు ఈ ప్రాంతంలో చెరువుల కింద మాత్రమే కొద్దిపాటి మాగాణి ఉండేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన ప్రాజెక్టు 1931కి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. కాలువలు తవ్వినంత మాత్రాన నీటి పన్ను రాదు. ఆ నీటితో ఖరీదైన పంట పండాలి, పండినదాన్ని కొనేవారుండాలి. కర్మాగారం ఆ అవసరంలోంచి పుట్టింది. దాని పెట్టుబడిలో హైదరాబాదు ప్రభుత్వపు పారిశ్రామిక ట్రస్టు నిధికి వాటా ఉంది. అంటే ఇది మొదటి నుంచీ ప్రజల సొమ్ము కలిసిన సంస్థ.

దీన్ని ఎస్టేటు అనడానికి కారణం ఉంది. రైతుల దగ్గర చెరకు కొనడంతో సరిపెట్టకుండా సంస్థ వేల ఎకరాల్లో సొంత ఫారాలు నడిపింది. కార్మికుల క్వార్టర్లు, రైలు సదుపాయం, మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసే డిస్టిలరీ, అన్నీ ఒకే వ్యవస్థలో భాగాలు. కోసిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేర్చకపోతే పంచదార శాతం పడిపోతుంది. అందుకే తోటకూ మిల్లుకూ మధ్య దూరం, కోతకు ఇచ్చే కటింగ్ ఆర్డరు, బండి ఎన్ని గంటలు వరుసలో నిలబడింది అన్నవి రైతుకు ప్రాణసమానమైన విషయాలు. మిగిలిన పిప్పి బాయిలర్లకు, మడ్డి పొలాలకు పోయేది.

ఈ నీరు మనుషులనూ తెచ్చింది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుంచి మాగాణి సాగు తెలిసిన రైతులు వచ్చి కాలువల వెంట స్థిరపడ్డారు. వారి ఊళ్లను నేటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. ఈ వలసను అభివృద్ధి కథగా మాత్రమే చెప్పడం అలవాటైంది. మెట్ట సేద్యమే తెలిసి, మాగాణికి కావలసిన పెట్టుబడి లేక భూమి అమ్ముకున్న స్థానిక రైతు కూడా అదే కథలో ఉన్నాడు.

క్షీణతకు సాధారణంగా 2002 నాటి ప్రైవేటీకరణను కారణంగా చెబుతారు. అప్పుడు బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు ప్రైవేటు సంస్థకు 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం వాటా గల నిజాం దక్కన్ షుగర్స్ కిందికి వెళ్లాయి. ఆ ఒప్పందం మీద వివాదం రేగింది, అది న్యాయమే. అయితే కథ అక్కడ మొదలు కాలేదు. నిజాంసాగర్ పూడికతో నిండుతూ వచ్చి, దాదాపు 30 టీఎంసీల నిల్వ 18 టీఎంసీలకు దిగింది. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీటిలో హైదరాబాదు తాగునీటికి వాటా ఏర్పడింది. సంస్థ సొంత ఫారాలు చాలావరకు అమ్ముడుపోయాయి. చెరకు బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని రైతు వరి, పసుపు, మొక్కజొన్న వైపు మళ్లాడు. 2019లో సంస్థ దివాలా చట్టం కింద లిక్విడేషన్‌కు వెళ్లింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణపై కమిటీని నియమించింది.

కర్మాగారాన్ని మళ్లీ తెరవాలన్న కోరిక ఈ ప్రాంతంలో బలంగా ఉంది. అందుకు ముందు తోటలు ఉండాలి. ఒకసారి మొక్క తోట వేసి, తర్వాత కార్శి తోట ఉంచుకునే రైతు రెండు మూడేళ్లు తన భూమిని మిల్లుకు కట్టుబెడుతున్నట్టే. బిల్లు సమయానికి వస్తుందన్న నమ్మకం లేనిదే ఆ పని చేయడు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది, విత్తనానికి లోటు లేదు, లోటు హామీకే.

మ్యూజియం చేయాలన్నది మరో ఆలోచన. మారిషస్‌లో బో ప్లాన్ చక్కెర కర్మాగారం 1999లో మూతపడగా 2002లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. ఆ దీవి చెరకు తోటలకు కొరింగ రేవు నుంచి మనవాళ్లు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. అక్కడ తెలుగువారికి కొరింగీలన్న పేరు అలాగే వచ్చింది. అక్కడ బానిసల, కూలీల చరిత్ర కూడా ప్రదర్శనలో ఉంది. బోధన్‌తో పోలిక ఒక హద్దు వరకే: ఇక్కడిది కూలి, జీతాల వ్యవస్థ, బానిసత్వం కాదు.   బతుకుతెరువు పోయిన చోట ఒట్టి మ్యూజియం పెడితే అది బయటివాళ్లు చూసి వెళ్లే వస్తువవుతుంది.

పాత భవనాల్లో కొంత భాగాన్ని ప్రదర్శనశాలగా, మిగతా స్థలాన్ని వ్యవసాయ ఉత్పత్తుల శుద్ధి పరిశ్రమలకు వాడవచ్చు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకే వచ్చింది కదా. ఏ ఉపయోగమైనా సరే, ముందు తేల్చవలసినవి కార్మికుల బకాయిలు, క్వార్టర్లలో ఉంటున్నవారి హక్కు. ఈలోగా హాజరు పట్టీలు, చెరకు తూకం రిజిస్టర్లు, ఫారం పటాలు చెదలు పట్టకుండా రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికి చేర్చాలి. ఎవరు ఎన్నేళ్లు పని చేశారో, ఏ నేల ఎవరి చేతికి పోయిందో చెప్పగలిగేవి ఆ కాగితాలే.