కొత్త ముక్కు, 25 రోజులు



ముక్కు కోయడం మన దేశంలో పాతకాలపు శిక్ష. శూర్పణఖ కథ తెలియని ఇల్లు లేదు. మనిషిని చంపకుండానే నలుగురిలో తలెత్తుకోలేకుండా చేయడం ఆ శిక్ష ఉద్దేశం. పోయిన ముక్కును తిరిగి పెట్టే పనితనం కూడా ఈ నేల మీదే పెరిగి ప్రపంచానికి వెళ్ళిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఎప్పుడు చెప్పుకున్నా కత్తి గురించే చెప్పుకుంటాం. కత్తి పక్కన పెట్టాక గడిచిన రోజుల సంగతి ఎవరమూ ఎత్తం. ఈసారి ఆ రోజుల గురించి రాస్తున్నాను.

మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలిన కావస్‌జీ అనే మరాఠా రైతు 1792లో టిప్పు సుల్తాన్ మనుషులకు చిక్కాడు. అతని ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండానే బతికాడు. ఆ తర్వాత పుణే దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఈ వైద్యం ఎలా చేస్తారో బొంబాయి ప్రెసిడెన్సీ డాక్టర్లు థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే కళ్ళారా చూశారు. 1794 అక్టోబరులో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో అచ్చయిన ఒక ఉత్తరం ఆ వివరాలన్నీ చెప్పింది.

పల్చటి మైనపు బిళ్ళతో ముక్కు ఆకారం చేసి, దాన్ని సాపు చేసి నుదుటి మీద పెట్టి, చుట్టూ గీత గీస్తారు. అంతమేర చర్మం ఒలిచి, మెలితిప్పి కిందికి దించి అతికిస్తారు. కనుబొమల మధ్య ఒక సన్నటి చర్మపు పట్టీని మాత్రం తెంపకుండా ఉంచుతారు. కొత్త ముక్కుకు రక్తం అందేది ఆ పట్టీ నుంచే.

ఇక ఆ తర్వాతి రోజులు చూడండి. తాంబూలంలో వాడే కాచును నీళ్ళతో మెత్తచేసి, గుడ్డ పీలికలకు రాసి, అయిదారు పొరలు అతుకు మీద వేస్తారు. నాలుగు రోజులు వేరే కట్టేమీ లేదు. తర్వాత అది తీసేసి నేతిలో ముంచిన గుడ్డలు వేస్తారు. అయిదారు రోజులు రోగి వెల్లకిలా పడుకోవాల్సిందే. పదో రోజున ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా మెత్తటి గుడ్డ ముక్కలు పెడతారు. దాదాపు 25వ రోజున గాని కనుబొమల మధ్య పట్టీని తెంపరు. తొందరపడి ముందే తెంపితే ముక్కు చచ్చిపోతుంది. అంటే ఆ వైద్యుడి నైపుణ్యంలో సగం ఆగడమే.

ఇది అంతకుముందు నుంచీ ఉన్న తెలివే. సుశ్రుత సంహితలో ముక్కు అతికే పద్ధతి పక్కనే తర్వాతి సేవ కూడా ఉంది: ఊపిరి ఆడటానికి రంధ్రాల్లో రెండు గొట్టాలు, పైన దూది, మాటిమాటికీ నువ్వుల నూనె చిలకరింపు, తాగడానికి నెయ్యి. లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ ఆ ఉత్తరంలోని పద్ధతినే పట్టుకుని 1814లో శస్త్రచికిత్స చేసి, 1816లో పుస్తకం వేశాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన ఇళ్ళలోనూ ముక్కు, దవడ, కనురెప్పలు సరిచేయించుకునేవారు ఉన్నారు. ఆసుపత్రి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తుంది. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ముక్కు చికిత్సయితే వారం పాటు దాని మీద పట్టీ. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది, కళ్ళ కింద నల్లబడుతుంది. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి, ముక్కు చీదకూడదు. చాలామందికి రెండు వారాల్లో నలుపు పోతుంది గాని, ముక్కు పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది కూడా పడుతుంది. మూడో రోజున అద్దం చూసుకుని “పాడుచేసుకున్నానా” అని ఏడ్చేవాళ్ళకు ఆ లెక్క చెప్పే మనిషి పక్కన ఉండాలి.

మనం చేస్తున్నదేమిటి? “ఊరెళ్ళింది” అని చెప్పి పిల్లను గదిలో దాచేస్తాం. లేదా చూడటానికి వెళ్ళి “అయ్యో, ఉన్న ముక్కుకు ఏమొచ్చిందే?” అంటాం. పాత కాలంలో కోసిన ముక్కుకు సిగ్గు అంటగట్టారు, ఇప్పుడు సరిచేయించుకున్న ముక్కుకు అంటగడుతున్నాం.

ఒక్క హెచ్చరిక. పాత పద్ధతి చదివి ఎవరూ గాయానికి నెయ్యి, కాచు, పసుపు రాయకండి. డాక్టరు రాసిచ్చిందే వాడండి. రక్తం ఆగకపోయినా, జ్వరమో చీమో వచ్చినా, చూపు మసకబారినా వెంటనే ఫోను చేయండి.

1794 నాటి ఆ ఉత్తరంలో వైద్యుడి పేరు లేదు. నేతి గుడ్డలు మార్చిన చేతుల ఊసు అసలే లేదు. ఆ చేతులు లేకపోతే కావస్‌జీకి ముక్కు నిలిచేది కాదు. మన వీధిలో ఎవరైనా అలా ముఖానికి కట్టుతో ఇంటికొస్తే, ప్రశ్నలు వద్దు, ఫోటోలు వద్దు. నమలక్కర్లేని మెత్తటి పెరుగన్నం ఒక గిన్నెలో ఇచ్చి రండి. ముక్కు ఎలా ఉందో ఏడాది తర్వాత చూద్దాం.