గుండ్లకమ్మ నుంచి పులికాట్ దాకా: నెల్లూరు జిల్లా హద్దుల కథ

టంగుటూరి ప్రకాశం 1872లో ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. ఆయన మద్రాసు హైకోర్టులో బారిస్టరుగా పేరు తెచ్చుకొనేనాటికి అదే ఊరు గుంటూరు జిల్లాది. 1970లో అది ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు ఆయన శతజయంతి సంవత్సరంలోనే ప్రకాశం పేరు పెట్టారు. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు, జిల్లా మాత్రం చేతులు మారుతూ వచ్చింది.

నెల్లూరు సీమలో ఇలాంటి ఊళ్ళు వందలు. ఒకప్పుడు ఉత్తరాన గుండ్లకమ్మ ఛాయల నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా, తూర్పున సముద్రం నుంచి పడమట వెలిగొండల దాకా పరుచుకొన్న జిల్లా ఇది. ఆ హద్దులు ఎవరు గీశారు, ఎందుకు చెరిపారు అన్నది తెలిస్తే మన కోస్తా చరిత్రలో చాలా భాగం తెలిసినట్టే.

నవాబు విడిచిన గీత

కంపెనీ దొరతనానికి ముందు ఈ సీమకు పాలనా కేంద్రాలు లేకపోలేదు. పదమూడో శతాబ్దంలో తెలుగు చోడులు విక్రమసింహపురి (నేటి నెల్లూరు) నుంచి ఏలారు. మనుమసిద్ధి కొలువులో తిక్కన మంత్రిగా, కవిగా వెలిగిన పట్టణం అదే. విజయనగర కాలంలో పెత్తనం ఉదయగిరికి మారింది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గమే ఈ ప్రాంతానికి చాలాకాలం ముఖ్యస్థానం. అప్పట్లో కొండ మీది కోట ఎవరి చేతిలో ఉంటే కింది పల్లపు నేల వారిది.

పద్దెనిమిదో శతాబ్దంలో నెల్లూరు ఆర్కాటు నవాబుల కింద ఉండేది. నవాబు మహమ్మదలీ తమ్ముడు నజీబుల్లా నెల్లూరు కోటలో ఉండి అన్నకు ఎదురుతిరిగాడు. 1757లో కర్నల్ ఫోర్డ్ కోటను ముట్టడించి పట్టలేకపోయాడు. 1762 ముట్టడిలో గాని అది లొంగలేదు. గుండ్లకమ్మకు అవతల గుంటూరు సర్కారు నిజాం వంశీకుల ఏలుబడిలో ఉంటే, ఇవతల ఒంగోలు, నెల్లూరు సీమలు ఆర్కాటువి. తరువాతి నెల్లూరు జిల్లాకు ఉత్తరపు హద్దు దాదాపు ఈ గీతే. ఇంగ్లీషువారు దాన్ని కొత్తగా గీయలేదు, ఇద్దరు ముసల్మాను ప్రభువుల మధ్య హద్దును అలాగే అందుకొన్నారు.

తీరంలో మాత్రం వారు అంతకు చాలా ముందే కాలుమోపారు. 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టుకొని దాన్ని ఆర్మగాన్ అని పిలిచారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మరింత దక్షిణాన చెన్నపట్నం చోటు సంపాదించాక ఆర్మగాన్ వెనకబడిపోయింది. చెన్నపట్నం మహానగరమైంది, దుగరాజపట్నం పల్లెగా మిగిలింది. ఆ తరువాత నెల్లూరు రాత చాలావరకు చెన్నపట్నంలోనే రాయబడింది.

కంపెనీ జిల్లా

నవాబు అప్పుల్లో కూరుకుపోయే కొద్దీ కంపెనీ పట్టు బిగిసింది. 1781లో కర్ణాటక (అప్పట్లో ఆర్కాటు రాజ్యం పేరు) రాబడిని వారి చేతికి అప్పగించాడు, 1785లో వెనక్కి తీసుకొన్నాడు. 1790లో అది మళ్ళీ చేజారింది. 1792 ఒప్పందంతో వెంకటగిరి, కాళహస్తి వంటి పాలెగాళ్ళ పేష్కషు వసూలు కంపెనీ పరమైంది. చివరికి 1801 జూలైలో నవాబు అజీముద్దౌలా కర్ణాటకాన్ని పూర్తిగా వదులుకొన్నాడు. నెల్లూరు, ఒంగోలు సీమలు కలిసి మద్రాసు రాజధానిలో ఒక కలెక్టరు కిందికి వచ్చాయి.

జిల్లా అంటే అప్పట్లో శిస్తు వసూలు చేసుకొనే హద్దు. లోపల మాత్రం రెండు రకాల నేల ఉండేది. నెల్లూరు, గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి, ఉదయగిరి, కనిగిరి, కందుకూరు, ఒంగోలు సర్కారు తాలూకాలు. వెంకటగిరి, పోలూరు, దర్శి, పొదిలి జమీందారీ డివిజన్లు. వెంకటగిరి వెలమ ప్రభువులకు శాశ్వత శిస్తు పద్ధతిలో 1802లో సన్నదు దక్కింది. అక్కడి రైతుకు దొర కలెక్టరు కాదు, వెంకటగిరి రాజా. ఒకే జిల్లాలో రెండు ప్రభుత్వాలు నడిచినట్టే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఈ లోపలి గీత కూడా చెరగలేదు.

1901 జనాభా లెక్కల నాటికి జిల్లా విస్తీర్ణం 8,761 చదరపు మైళ్ళు, జనం 14,96,987 మంది. ఇంత విశాలమైన సీమను కలిపి ఉంచినవి రెండు. ఒకటి నీరు. పెన్న మీద నెల్లూరు దగ్గర 1855లో ఒక ఆనకట్ట, 1886లో సంగం దగ్గర ఇంకొకటి పూర్తయ్యాయి. మొలకొలుకుల బియ్యానికి పేరు తెచ్చిన మాగాణి ఆ కాలువల కిందిదే. రెండోది తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ. 1878లో గవర్నరు పేరు పెట్టిన ఆ కాలువ మీద శ్రీహరికోట కట్టెలు, తీరపు ఉప్పు పడవల్లో మద్రాసు చేరేవి. 1876–78 కరవులో ఆ తవ్వకం పనే వేలమంది కూలీలకు గంజి పోసింది.

గమనిస్తే, పెన్న కాలువలు గాని పెన్న నీళ్ళు గాని ఉత్తరపు తాలూకాలకు అందలేదు. ఒంగోలు, కనిగిరి, కందుకూరు మెట్టసీమలు. పంట వేరు, పశువు వేరు, కష్టం వేరు. జిల్లా మొదట చిట్లింది ఆ అతుకు దగ్గరే.

ఒంగోలు వెళ్ళింది, పేరు మిగిలింది

1859లో రద్దయిన గుంటూరు జిల్లాను 1904 అక్టోబరు 1న మళ్ళీ ఏర్పరిచారు. కృష్ణా జిల్లా తాలూకాలతో పాటు నెల్లూరు నుంచి ఒంగోలు తాలూకాను విడదీసి దానికి కలిపారు. నూరేళ్ళకు పైగా నెల్లూరు కచేరికి వచ్చిన ఒంగోలు రైతు ఆ తరువాత గుంటూరు దారి పట్టాడు.

పాలన మారినంత తొందరగా పేర్లు మారవు. దానికి రెండు సాక్ష్యాలు చెబుతాను. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు 1905లో అచ్చయ్యాయి. అప్పటికే ఒంగోలు గుంటూరు జిల్లాలో చేరింది, శాసనాలు మాత్రం నెల్లూరు పేరు మీదే ఉండిపోయాయి. ఒంగోలు తాలూకా శాసనాలు కావలసినవారు నేటికీ నెల్లూరు సంపుటాలే తెరవాలి.

రెండో సాక్ష్యం సముద్రాల అవతల ఉంది. మనం ఒంగోలు ఎద్దు అని పిలుచుకొనే తెల్లని, మూపురం ఎత్తయిన జాతిని పందొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు ఎగుమతి చేశారు. ఆ దేశంలో దాని పేరు నెలోర్. బ్రెజిల్ పశుసంపదలో పెద్ద భాగం ఆ జాతిదే. ఎద్దు పుట్టిన తాలూకా పేరు మనకు మిగిలితే, ఆ తాలూకా ఒకప్పుడున్న జిల్లా పేరు బ్రెజిల్ రైతు నోట మిగిలింది. చెరిగిపోయిన ఒక పాలనా హద్దు దక్షిణ అమెరికా పచ్చికబయళ్ళలో ఇంకా బతికే ఉంది.

కోస్తానా, సీమా?

ఆంధ్రోద్యమం బలపడ్డాక నెల్లూరుకు మరో ప్రశ్న ఎదురైంది. మ్యాపులో అది కోస్తా జిల్లా. కృష్ణా, గోదావరి డెల్టాల సంపద గాని, విద్యావకాశాలు గాని దానికి లేవు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ఈ తేడాను ఒప్పుకొంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వాడకంలో రాయలసీమతో పాటు నెల్లూరుకూ ముందు వరుస ఇవ్వాలని అందులో రాసుకొన్నారు. సముద్రపు ఒడ్డునున్న జిల్లా సీమ పక్షాన కూర్చుంది.

ఆ రెండు పడవల ప్రయాణం రాష్ట్రం వచ్చాకా ఆగలేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో వెలిశాక నెల్లూరు కళాశాలలు దాని కిందికి వెళ్ళాయి. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికత తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినప్పుడు కళాశాల ప్రవేశాలకు నెల్లూరు విద్యార్థి రాయలసీమతో కలిసి స్థానికుడయ్యాడు. ఉద్యోగాల జోన్‌లో మాత్రం గుంటూరు, ప్రకాశం జిల్లాలతో కలిశాడు. చదువుకు ఒక హద్దు, కొలువుకు ఒక హద్దు.

1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్రరాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు కుటుంబం కనిగిరి ప్రాంతపు పడమటిపల్లెది. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశం కోసం 1946లో ఆయన నిరాహారదీక్ష చేశారు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టేనాటికి ఆ పడమటిపల్లె నెల్లూరులో లేదు. ప్రకాశం పుట్టింది నెల్లూరు జిల్లాలో, పేరు నిలిచింది ఒంగోలు జిల్లాకు. శ్రీరాములు పూర్వీకుల ఊరు ఒంగోలు జిల్లాకు వెళ్ళింది, ఆయన పేరు నెల్లూరుకు నిలిచింది. ఆంధ్రరాష్ట్రం కథలో ముఖ్యులైన ఈ ఇద్దరూ ఒకే పాత జిల్లా బిడ్డలని ఈ తరానికి చెప్పాలి.

1970, 2022

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు నుంచి మార్కాపురం వైపు ప్రాంతాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అందులో చేరాయి. మూడు జిల్లాల కొసల్లో, కలెక్టరాఫీసుకు దూరంగా ఉండిపోయిన మెట్ట ఊళ్ళకు ఒక కేంద్రం దొరికింది. నెల్లూరు విస్తీర్ణంలో నష్టపోయినా, ఈ విభజనలో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. కనిగిరి కాపు ఒక పట్టా కాగితం కోసం ఉదయగిరి, ఆత్మకూరు దాటి నెల్లూరు రావడం ఎవరికీ మేలు కాదు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నెల్లూరు జిల్లాకు 46 మండలాలు దక్కాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేసినప్పుడు కోత దక్షిణం వైపు పడింది. లోక్‌సభ నియోజకవర్గాన్ని ప్రమాణంగా తీసుకోవడంతో గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలు, వెంకటగిరిలో కొంత భాగం తిరుపతి జిల్లాలో కలిశాయి. కందుకూరు 52 ఏళ్ళ తరువాత నెల్లూరుకు తిరిగొచ్చింది. సర్వేపల్లి తిరుపతి లోక్‌సభలోనిదైనా నెల్లూరులోనే నిలిచింది. రాపూరు, కలువాయి, సైదాపురం మండలాలూ అలాగే ఉండిపోయాయి. సోమశిల, కండలేరు జలాశయాలు ఒకే జిల్లాలో ఉండాలన్న వాదనకు అక్కడ బలముంది.

ఆ ఒక్క రోజుతో నెల్లూరు చరిత్రలో ఎన్నో తొలి పుటలు మరో జిల్లావయ్యాయి. ఇంగ్లీషువారు తొలినాళ్ళలో దిగిన దుగరాజపట్నం, వెంకటగిరి సంస్థానం, నేత చీర, పులికాట్ పక్షులు, 1980లో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపిన శ్రీహరికోట, ఆ దీవి అడవిని తరతరాలుగా ఎరిగిన యానాదుల జీవితం, అన్నీ తిరుపతి పద్దులోకి వెళ్ళాయి.

నిలిచిందేమిటి?

1904లో ఉత్తరపు కొస, 1970లో దాని కింది మెట్ట, 2022లో దక్షిణపు తీరం. ఎటువైపు కోసినా ఎవరూ తాకనిది ఒకటే, పెన్న పారే నడుమ నేల. సోమశిల నుంచి సంగం మీదుగా సముద్రం దాకా కాలువలు తడిపే మాగాణి ఏనాడూ రెండు జిల్లాల మధ్య చీలలేదు. నవాబు అవసరం, కంపెనీ శిస్తు, ఎన్నికల లెక్క గీసిన గీతలు చెరిగాయి. రైతులు పంచుకొన్న నీరు గీసిన గీత నిలిచింది. రేపు మళ్ళీ హద్దులు మార్చేవారు గుర్తుంచుకోవలసిన పాఠం ఇదే. ఊరికి నీరు ఎటు నుంచి వస్తుందో, రైతు సంతకు, ఆసుపత్రికి ఎటు నడుస్తాడో ముందు చూడాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఊరి పంచాయతీ గోడ మీద ఇప్పటి మండలం, జిల్లా పేర్లతో పాటు పాత తాలూకా, పాత జిల్లా పేర్లూ సంవత్సరాలతో రాయించండి. మీ తాతల పట్టాలు, దస్తావేజులు ఏ కచేరిలో పుట్టాయో పిల్లలకు చెప్పండి. హద్దు మారిన ప్రతిసారీ కొన్ని కాగితాలు పాత జిల్లాలోనే ఉండిపోతాయి. దారి తెలిసినవారు ఉన్నంతవరకే అవి మనకు దొరుకుతాయి.