ఒక్క రూకకు కడుపునిండా

ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల ఇంట్లో భోజనం బాగుంటుందన్న కబురు ఆరు వందల ఏళ్లుగా తెలుగువాళ్ల చెవిన పడుతూనే ఉంది. క్రీడాభిరామం అనే పుస్తకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధానిని రోజంతా చుట్టేస్తారు. అంత తిరిగాక ఆకలి వేయకుండా ఉంటుందా? డబ్బుకు భోజనం పెట్టే పూటకూళ్లిల్లు ఉండనే ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇంతా కలిపి ఒక్క రూక. ఎవరి దగ్గర తినాలి, ఏం పెడతారు, ఎంత తీసుకుంటారు అన్నవన్నీ ఒక్క పద్యంలో ఇమిడిపోయాయి. బండి ఎక్కడ ఆపుకోవాలన్నది ఒక్కటే తక్కువ! ఈ పుస్తకం వినుకొండ వల్లభరాయుడిదని కొందరు, శ్రీనాథుడిదని కొందరు పండితులు ఇంకా తగవులాడుకుంటున్నారు. భోజనం బాగుందన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఆ ఓరుగల్లు పేరుమీద నడిచిన ఉమ్మడి వరంగల్ జిల్లా 2016 అక్టోబర్ 11న ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పుడే జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ మూడింటికీ హైదరాబాద్ బిర్యానీకి ఉన్నంత పేరున్న వంటకం ఒక్కటీ లేదు. కానీ జేబులో వందో నూటయాభయ్యో పెట్టుకుని వెళ్లినవాడు ఆకలితో తిరిగివచ్చే ఊళ్లు కావు ఇవి. పొద్దున ఇడ్లీ, పూరీ, మైసూర్ బజ్జీ, మధ్యాహ్నం మెస్‌లో భోజనం, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రి జొన్నరొట్టె, నాటుకోడి. ఇంత చవగ్గా, ఇన్ని రకాలుగా బయట తినే అలవాటు ఇక్కడ ఎలా పుట్టిందో చూద్దాం.

జనగామ పక్కనే పాలకుర్తి మండలంలో పోతన ఊరు బమ్మెర ఉంది. ఆయన మా వాడేనని ఒంటిమిట్టవాళ్లు వాదిస్తారు గానీ, ఆ సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆయన భాగవతంలో గోపబాలురు అడవిలో చుట్టూ కూర్చుని చల్దులు తినే ఘట్టం తెలుగులోకెల్లా రుచికరమైన వనభోజనం. ఊరగాయలు చూపించి పక్కవాణ్ణి ఊరించడం దగ్గర్నుంచి అంతా అందులో ఉంది. అయితే అది ఇంటి నుంచి మూట కట్టుకొచ్చిన తిండి. వందల ఏళ్లపాటు పల్లె మనిషి బయట తిన్నదంతా అలాంటిదే. పొలం గట్టున సద్ది, జాతరలో చెట్టుకింద వంట, చుట్టాలింట్లో పెళ్లి విందు. డబ్బు పెట్టి అన్నం కొనుక్కోవడం యాత్రికుడికీ, వ్యాపారికీ, పట్నంలో చదువుకునేవాడికీ మాత్రమే తప్పనిసరి. కన్యాశుల్కంలో గిరీశం ముంచిన పూటకూళ్లమ్మ కూడా పట్నపు మనిషే.

ఊళ్లో బయట తిన్నవాళ్లు మరికొందరున్నారు. వాళ్లు డబ్బులిచ్చేవాళ్లు కాదు. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. నిజాం అధికారో, దొర మనుషులో ఊరికి వచ్చారంటే కుమ్మరి కుండలు తెచ్చి వంట చేయాలి, గొల్ల గొర్రెనివ్వాలి, గౌడ కల్లు పంపాలి, కోమటి సరుకులు కొలవాలి. ఈ వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన పుస్తకంలో ఏ కులం ఏమేమి ఇచ్చుకోవాల్సి వచ్చేదో వరసగా చెప్పారు. చదువుతుంటే పెద్ద విందుకు సరుకుల చీటీ రాసినట్టే ఉంటుంది, ఖర్చు కాలమ్ ఒక్కటే ఖాళీ. విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరుగుబాటులో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకుంది. తిన్నదానికి డబ్బులివ్వాలన్న మామూలు మర్యాద ఈ నేల మీద ఊరికే రాలేదు. హోటల్లో ఎవరైనా సరే బిల్లు కట్టి లేవాల్సిందే అన్న నియమం నాకు అందుకే చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

కష్టజీవి డబ్బు పెట్టి బయట కూర్చుని తిన్న తొలి చోటు నా లెక్కలో కల్లు దుకాణం. చరిత్ర పుస్తకాలు దాన్ని తిండి ఖాతాలో వేయవు. కానీ గుడాలు, బోటి కూర, ఎండుచేపలు, చేపల వేపుడు అక్కడే అమ్ముడయ్యేవి, ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. జనగామకు దగ్గర్లోని ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న ఊరు. సిపాయిలు డబ్బులివ్వకుండా కల్లు తాగి, పైగా ఆగడం చేస్తే పాపన్న తిరగబడ్డాడని జనం చెప్పుకునే కథ. పదిహేడో శతాబ్దపు చివరి రోజుల సంగతది. కథలో ఎంత నిజమో పక్కన పెట్టినా, ఉచితంగా తిని తాగి పోయేవాడి మీద ఈ ప్రాంతానికి ఉన్న కోపం ఎంత పాతదో తెలుస్తుంది.

ఆ తర్వాత రైలొచ్చింది. సికింద్రాబాద్ నుంచి నిజాం రైలు దారి 1886లో వరంగల్ చేరింది, 1889 నాటికి బెజవాడను అందుకుంది. జనగామ, మహబూబాబాద్ రెండూ ఈ దారి మీదే ఉన్నాయి. స్టేషన్ ఉన్నచోట మనిషి ఆగాలి, ఆగితే ఆకలేస్తుంది. ఆనాటి స్టేషన్లలో నీళ్లకుండలు సైతం హిందువులకు వేరు, ముస్లింలకు వేరు. తెల్లదొరలకు వేరే భోజనశాల. రైలు వెంటే చాయ్ వచ్చింది. 1903లో తెల్లదొరల ప్రభుత్వం టీ పన్ను వేసి, ఆ డబ్బుతోనే జనానికి చాయ్ అలవాటు చేసే ప్రచారం నడిపించింది. స్టేషన్లలో టీ దుకాణాలు పెట్టించి మరీ తాగించారు. 1932లో నిజాం రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. రైలు వెళ్లని ఊళ్లలో కూడా బస్సు ఆగే చోటు పుట్టింది, ఆ చోటు పక్కనే ఒక పొయ్యి వెలిగింది. ఈ రోజుకీ మన పల్లెల్లో హోటల్ అంటే చాయ్ దొరికే చోటే.

అయితే అందులోకి అందరూ రాగలిగారా? దక్షిణాది పట్టణాల్లో బ్రాహ్మణ కాఫీ హోటల్ అన్న బోర్డులు ఒకప్పుడు మామూలు దృశ్యం. పల్లె హోటల్లో దళితులకు వేరే గ్లాసు, తాగినవాడే కడిగి పెట్టాలి. హైదరాబాద్ ఇరానీ హోటళ్ల గొప్పతనం వాటి చాయ్ కంటే ఈ విషయంలోనే ఎక్కువ. 1935 నాటి అబిడ్స్ గ్రాండ్ హోటల్ లాంటి చోట ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగేవాడు లేడు. ఇరానీ హోటళ్లు జనగామ దాకా పెద్దగా నడిచిరాలేదు గానీ, జనగామవాడు పట్నం వెళ్లి ఆ బల్లల దగ్గర కూర్చుని వచ్చాడు. 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల ప్రస్తావన విడిగా తెచ్చింది. దుకాణాల్లోకి, హోటళ్లలోకి కులం, మతం పేరుతో ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని రాసింది. దేశపు మూలశాసనంలో హోటల్ గురించి రాయాల్సి వచ్చిందంటే అప్పటి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. 1955లో అంటరానితనాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. రెండు గ్లాసులు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చాలా ఊళ్లలో బల్ల మీదే ఉన్నాయి.

మహబూబాబాద్‌ను ఊరివాళ్లు మానుకోట అనే అంటారు. ఇది మిర్చి, పత్తి, మొక్కజొన్న, పసుపు పండే నేల. పక్కనే కేసముద్రం మార్కెట్ ఉంది. మార్కెట్‌కు సరుకు తెచ్చిన రైతు తెల్లవారకముందే బయలుదేరి ఉంటాడు, కాంటా అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అతనికి కావాల్సింది త్వరగా, వేడిగా, ఎక్కువ అన్నం. ఇక్కడి మెస్‌లు ఆ లెక్క మీదే నడుస్తాయి. పప్పు, రెండు కూరలు, చారు, పెరుగు, పచ్చడి పెడతారు. అన్నం మాత్రం ఎంత కావాలంటే అంత. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న ఈ కాయను టమాటా మిర్చి అని కూడా అంటారు. అది పండే జిల్లాల్లోని హోటళ్లు చపాట పచ్చడి అని ఒక బోర్డు పెట్టుకుంటే కాదనేదెవరు? ఎందుకో ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.

నాకున్న అసలు ఫిర్యాదు వేరే. మహబూబాబాద్ జిల్లా నిండా లంబాడా తండాలే. పండగ పూట మేక రక్తంతో వండే సళోయి, రోజూ తినే జొన్న బాటి తండా వాకిట్లో దొరుకుతాయి. పట్టణంలో మాత్రం మంచూరియా, షవర్మా దొరికినంత సులువుగా ఇవి దొరకవు. ఎక్కడో చైనా పేరు పెట్టుకున్న గోబీకి ఉన్న చోటు, అయిదు కిలోమీటర్ల దూరంలోని తండా వంటకు లేకపోవడం అన్యాయం.

భూపాలపల్లి కథ పూర్తిగా వేరు. ఇక్కడికి ప్రయాణికుల రైలు లేదు, వరంగల్ నుంచి పరకాల మీదుగా రోడ్డే గతి. ఈ ఊరికి తిండి తెచ్చిపెట్టింది బొగ్గు. సింగరేణి కంపెనీ పాత గనులున్న ఇల్లెందు, కొత్తగూడెం వైపులతో పోలిస్తే ఇది చిన్నపిల్ల. కాకతీయ ఖని పేరుతో గనులు తెరిచాక కొత్తగూడెం నుంచి, గోదావరిఖని నుంచి, మందమర్రి నుంచి కార్మికులు బదిలీ మీద వచ్చారు. పెళ్లాం పిల్లలు పాత ఊళ్లోనే, మనిషొక్కడూ ఇక్కడ. అలా ఒంటరిగా వచ్చిన మగవాళ్లే మెస్‌లను నిలబెట్టారు. నెలకింత అని ఖాతా, జీతం రోజున చెల్లింపు. గనిలో మూడు షిఫ్టులు. ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఊరి ఆకలి కూడా ఆ గంటలకే వేస్తుంది. బొగ్గుగనిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకెళ్లడం చట్టరీత్యా నిషేధం. అందుకే షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషి ముందుగా వెతుక్కునేది గేటు బయటి చాయ్ బండినే. 250 మందికి మించి పనిచేసే గనుల్లో క్యాంటీన్ పెట్టించే అధికారాన్ని 1955 నాటి గనుల నిబంధనలు ఇచ్చాయి. కంపెనీ క్యాంటీన్‌లో రాయితీ ధరకు ఇడ్లీ తినడానికి అలవాటుపడ్డ కార్మికుడి దగ్గర బయటి హోటల్ ఎక్కువ రాబట్టలేదు. ఊళ్లో ధరలు అదుపులో ఉండటానికి ఆ క్యాంటీన్ ఒక కారణమనే నా నమ్మకం.

చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 మెగావాట్లు కలుపుకుంది. తర్వాత మేడిగడ్డ, కాళేశ్వరం ఎత్తిపోతల పనులు నడిచాయి. పనుల కోసం ఉత్తరాది కూలీలు, డ్రైవర్లు, ఇంజినీర్లు వచ్చారు, వాళ్ల వెంట దాబాలు, పరాఠాలు వచ్చాయి. పనులు అయిపోయాక మనుషులు వెళ్లిపోయారు. పరాఠా మాత్రం ఉండిపోయింది. 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఈ దారిలోని టిఫిన్ సెంటర్లకు ఊపిరి సలపలేదు.

ఇంత తక్కువకు ఎలా పెట్టగలుగుతున్నారు? హైదరాబాద్‌లో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం వెనక నగరపాలక సంస్థ డబ్బుంది. జనగామ మెస్ వెనక ఎవరూ లేరు. అక్కడ ఉండేది కుటుంబం. భర్త పొయ్యి దగ్గర, భార్య కూరల దగ్గర, కొడుకు గల్లా దగ్గర ఉంటే జీతాల పద్దు సగానికి పడిపోతుంది. బియ్యం పక్క ఊరి మిల్లు నుంచే వస్తుంది. 1986లో బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, ఈ మెస్‌లన్నింటినీ నిలబెట్టిన వంగడం. ఏడాదికి రూ.20 లక్షలకు లోపు అమ్మకాలున్న హోటల్‌కు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. దాన్ని దాటిన మామూలు హోటల్ వేయాల్సింది 5 శాతం. నొప్పి పుట్టించేది గ్యాస్. 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధర ప్రతి నెల ఒకటో తారీఖున మారుతుంది. ఇడ్లీ ధరను నెలనెలా మారుస్తే గిరాకీ ఊరుకోదు. అందుకే ధర అలాగే ఉండి, ప్లేటులో నాలుగు ఇడ్లీలు మూడవుతాయి. కొబ్బరి చట్నీలో పల్లీ పెరుగుతుంది. దీన్ని మోసమనడం నాకిష్టం లేదు, బతుకుతెరువు.

జొన్నరొట్టె ఇందుకు తలకిందులు. రెండు రూపాయల బియ్యం 1983లో రాకముందు జొన్నన్నం, జొన్నరొట్టె పేదింటి తిండి. వరి అన్నం పండక్కే. ఇప్పుడు అదే రొట్టెను సాయంత్రం రోడ్డు పక్కన పెనం మీద కాల్చి అమ్ముతుంటే, షుగరున్న ఉద్యోగులు బైకులు ఆపి కొనుక్కుపోతున్నారు. రెండు రొట్టెలు, కాస్త కూర తింటే ఇడ్లీ కంటే ఖరీదే. ఆ పెనం ముందు కూర్చున్నది దాదాపు ఎప్పుడూ ఒక ఆడమనిషే. ఆ డబ్బు ఆమె చేతికే వస్తోంది కాబట్టి ఈ ఖరీదు మీద నాకు గొడవ లేదు.

జిల్లాలు ఏర్పడ్డాక కలెక్టరేట్లు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. విద్యార్థులు, రోగుల వెంట వచ్చినవాళ్లు, అద్దె గదుల్లో ఉండే ఉద్యోగులు కొత్త గిరాకీ. కర్రీ పాయింట్లు వీళ్ల కోసమే పుట్టాయి, అన్నం గదిలో వండుకుని కూర కొనుక్కునే పద్ధతి. జనగామకు మాత్రం ఒక దెబ్బ తగిలింది. వరంగల్ నాలుగు వరుసల దారి ఊరి బయటి నుంచి పోవడంతో పాత రోడ్డు హోటళ్ల ముందు కార్లు ఆగడం తగ్గింది. వాటిని ఇప్పుడు ఊరివాళ్లే నిలబెట్టాలి.

కాబట్టి ఈసారి జనగామ మీదుగా వెళ్తుంటే బైపాస్ ఎక్కకుండా ఊళ్లోకి తిరగండి. మానుకోటలో రైలు దిగితే స్టేషన్ బయట ఏ మెస్ ముందు రైతులు ఎక్కువగా ఉన్నారో చూసి అందులోకే వెళ్లండి. భూపాలపల్లిలో షిఫ్టు మారే వేళకు చేరుకోండి. మీ ఇంట్లో తాతో నాన్నో నడిపిన హోటల్‌ది పాత ధరల బోర్డు గానీ, ఖాతా పుస్తకం గానీ, గల్లాపెట్టె పక్కన తీయించుకున్న ఫోటో గానీ ఉంటే, దయచేసి పాతసామాన్లవాడికి వేయకండి.