పట్నములో ఒక మంచము

కన్నవారి యిల్లు విడిచి, చదువునకో కొలువునకో నగరము చేరినవారికి మొదట కలుగు చింత, "ఈ రాత్రి తల దాచుకొనుట ఎక్కడ?" అన్నదే. హైదరాబాదు ఈ ప్రశ్నకు కాలమునుబట్టి వేర్వేరు సమాధానములు చెప్పినది.

1907లో నాంపల్లి రైలు స్టేషను ఏర్పడినది. రైలు దిగు బాటసారులకై దానికి చేరువనే 1919లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, సరాయి వెలసినది. కాని సరాయి నాలుగు దినముల విడిది. ఏండ్ల తరబడి చదువుకొనదలచినవారికి అది చాలదు. జిల్లాలనుండి వచ్చిన తెలుగు పిల్లలకు పట్నములో గదియు, వేళకు అన్నమును దొరకుట దుర్లభముగా నుండెను. ఈ కొరత తీర్చుటకు, తరువాత నగర కొత్వాలైన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారు పూనుకొనగా 1918లో రెడ్డి హాస్టలు నెలకొన్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణ చూచిరి. అచట కూడుగూడులతోబాటు గ్రంథాలయమును అమరినది. క్రమముగా ఇతర కులములవారును హాస్టళ్లు స్థాపించుకొనిరి. గుమ్మముపై కులము పేరుండుట నేటివారికి ఇరుకుగా తోచవచ్చును. అయినను పిల్లవాడు జ్వరపడినచో విచారించుటకు ఒక పెద్దదిక్కు ఉండెను.

ఇక అమీర్‌పేట. పైగా ప్రభువుల 'అమీరె కబీర్' బిరుదునుండి ఈ పేటకు పేరు వచ్చినది. 1990 తరువాత మైత్రీవనము చుట్టును కంప్యూటరు శిక్షణ కేంద్రములు వెలసినవి. వాటివెంట సంజీవరెడ్డి నగరము, పంజాగుట్ట వీధులలో కాపురపు టిండ్లు అనేకము హాస్టళ్లుగా మారినవి. ముగ్గురి షేరింగు, నలుగురి షేరింగు అను బోర్డులు అచటి గోడలపై మేము చూచితిమి. మంచము, బీరువాలో ఒక అర, రెండుపూటల మెస్సు భోజనము: కొలువు దొరకువరకు ఎందరో పల్లెపిల్లలకు ఇదియే ఇల్లు. తక్కువ సొమ్ముతో వారిని నగరమున నిలిపిన మేలు ఈ హాస్టళ్లదే.

అయితే 2020 మార్చి 25న, దేశమంతటను లాక్‌డౌను మొదలైననాడు, ఈ యింటి బలహీనత బయటపడినది. కొందరు యజమానులు గదులు ఖాళీ చేయుమనిరి. యువతీయువకులు వేలాదిగా సామానుతో పంజాగుట్ట మొదలైన పోలీసు స్టేషనుల ముందు అనుమతి పత్రములకై బారులు తీరిరి. పత్రములు పొంది బయలుదేరినవారిలో పలువురు గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గంటలకొలది నిలిచిపోయిరి. వెనుక నిలువ నీడ లేదు, ముందు దారి లేదు. హాస్టళ్లు ఖాళీ చేయించరాదని తెలంగాణ ప్రభుత్వము ఆదేశించునప్పటికే ఎందరో దారిపట్టియుండిరి.

శ్రోతలారా! మన ఇండ్లనుండియు పిల్లలు ఇట్టి గదులకే పోవుచున్నారు. వారిని దింపివచ్చునపుడు అద్దె యెంత, కూర యేమి అని విచారించుట సహజము. ఆపద వచ్చిననాడు ఈ తలుపు తెరచి యుంచువారెవరు అనియు ఒకమాట అడిగి రావలెనని మా మనవి.