ఎరుకలసాని గొంతు ఎవరిది?

నా చిన్నప్పుడు పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో చూసిన వీధినాటకాల్లో నాకు బాగా గుర్తున్నది ఎరుకలసాని వేషం. చంకలో బుట్ట, చేతిలో బెత్తం, నోటినిండా తాంబూలం. వేషం కట్టేది మగవాడు. ఆ వేషం నోరు తెరిస్తే చాలు, జనం పడిపడి నవ్వేవాళ్లు. నిజంగా ఊరూరా తిరిగి ఎరుక చెప్పిన మా అవ్వ మాత్రం అందరికంటే వెనక కూర్చుని చూసేది. ఆమె నవ్వేది కాదు. ఆడమనిషి మాటను మగవాడు పలకడం, ఒకరి బతుకును ఇంకొకరు చెప్పడం గురించి నాకు మొదట ఆలోచన పుట్టింది అక్కడే.

ఇది కొత్త సంగతేమీ కాదు. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 15వ శతాబ్దంలోనే ఎన్నో శృంగార సంకీర్తనలను అలమేలుమంగ మాటగా, చెలికత్తెల మాటగా చెప్పాడు. వేంకటాచల మాహాత్మ్యం కథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం పోతాడు. పద్మావతి తల్లి ధరణీదేవికి ఎరుక చెబుతాడు. అంతఃపురంలో తన మాట చెల్లడానికి దేవుడికి కూడా మన ఆడమనిషి గొంతే కావలసి వచ్చింది!

ఆ మాహాత్మ్యాన్ని తెలుగులో రాసినవారిలో తరిగొండ వెంగమాంబ ఒకరు. తరిగొండ మన మదనపల్లెకు దగ్గరే. 18వ శతాబ్దంలో, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదు. ఆమె రాసిన యక్షగానాల్లో శివ నాటకం ఉంది, చెంచు నాటకం ఉంది. అంటే మగవాళ్ల మాటలు రాయడానికి మన ప్రాంతపు స్త్రీ ఆనాడే వెనకాడలేదు.

కానీ ఒకటి గమనించండి. దేవుడు, కవి, నటుడు అందరూ ఎరుకలసాని గొంతును అరువు తెచ్చుకున్నారు. ఆ పూట ఆమె తిన్నదా లేదా అని అడిగినవాళ్లు తక్కువ.

అడిగి రాస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంకో మనిషిని తలుచుకోవాలి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బిసెంట్ కళాశాలలో కొన్నాళ్లు ఉన్నారు. జనగణమన పాటను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే అని మన పిల్లలందరికీ తెలుసు. అంతకు ఐదేళ్ల ముందు, 1914లో, ఆయన బెంగాలీలో ‘స్త్రీర్ పత్ర’ అనే కథ రాశారన్నది అంతగా తెలియదు. మృణాల్ అనే ఇల్లాలు భర్తకు రాసిన ఉత్తరమే ఆ కథ. పెళ్లయి పదిహేనేళ్లయినా ఆమె భర్తకు ఉత్తరం రాయడం అదే మొదలు. అత్తవారింట్లో పురిటిగది ఎంత అధ్వానంగా ఉండేదో అందులో చెబుతుంది. మగవాళ్లు కాలు పెట్టని గది అది. ఆ గదిని చూడగలిగాడు కాబట్టే ఆ మగరచయిత రాసిన ఉత్తరం ఆడమనిషి ఉత్తరమైంది.

తెలుగులో చలం 1927లో ‘మైదానం’ కథను రాజేశ్వరి నోటితోనే చెప్పించాడు. ఆ మాటలు రాజేశ్వరివా, చలానివా అని పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదించుకోవలసిందే. ఇంకొకరి గొంతుతో రాసే ప్రతివాడికీ ఆ ప్రశ్న ఎదురవుతుంది.

నాకూ ఎదురైంది. మా అవ్వ చెబుతున్నట్టుగా నేనొక కథ రాశాను. మా చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, “బాగానే రాసినావు గానీ, పాలుతాగే బిడ్డను ఏడ పెట్టి పోయిందిరా మీయవ్వ?” అంది. నా దగ్గర జవాబు లేదు. బుట్ట రాశాను, బెత్తం రాశాను, ఎరుక మాటలన్నీ రాశాను. చంకలో బుట్ట ఉంటే బిడ్డ ఎక్కడుంటుందో ఆలోచించలేదు. వేషం కట్టినవాడికీ నాకూ తేడా ఏముంది? ఆ రాత్రి చిన్నమ్మ దగ్గర కూర్చుని, ఆమె చెప్పింది విని, కథ మొదటినుంచీ మళ్లీ రాశాను.

ఆడపిల్లలూ, ఇది మీకు కూడా. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేశారు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టారు. పేరు నమోదైన మగవాడు పోలీసుల ముందు హాజరు చెప్పుకోవాలి. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అలా హాజరు చెప్పుకొని ఇంటికొచ్చిన తాత పెళ్లాంబిడ్డల ముఖం ఎలా చూశాడు? ఆ కథను ఒక మనవరాలు తాత గొంతుతో రాస్తే చదవాలని ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లల చేత ఇలాంటి కథ రాయించేటప్పుడు రెండు పనులు చెప్పండి. రాయకముందు ఆ మనిషిని అడగాలి. రాసిన తర్వాత ఆ మనిషికి చదివి వినిపించాలి. మనిషి లేకపోతే, అలాంటి బతుకు బతికిన ఇంకొకరికి వినిపించాలి. కుప్పం నుంచి మదనపల్లె దాకా మన ఇళ్లల్లో అలాంటి అవ్వలు, చిన్నమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తే, కథను మళ్లీ రాయవలసింది అక్కడినుంచే.